మంచుపువ్వు కుట్టు

టేపు తాతని మెడలో టేపు లేకుండా చూసినవాళ్ళు లేరు. స్నానానికి వెళితే అది తలుపు మీద వేలాడుతూ కాపలా కాస్తుంది. బయటికి రాగానే ముందు టేపు, ఆ తర్వాతే చొక్కా. అమ్మమ్మ చాలాకాలం గొడవపడి, చివరికి "నిద్రలో పీకకి చుట్టుకోకపోతే అంతే చాలు" అని వదిలేసింది.

తాత యూనిఫారాల దర్జీ. హోటల్ గుమ్మంలో సలాం కొట్టేవాళ్ళకీ, బ్యాండు వాయించేవాళ్ళకీ, లిఫ్టు నడిపేవాళ్ళకీ కోట్లు కుడతాడు. భుజాల మీద జరీ పట్టీలు, చేతుల అంచున జరీ గీతలు, పళ్ళెమంత బొత్తాలు. "నా కోటు తొడిగితే పుల్లలాంటివాడు కూడా సేనాపతిలా ఉంటాడు" అంటాడు. అది నిజమే. ఆ సేనాపతుల్ని తయారుచేసే మనిషి మాత్రం చంకలో చిరిగిన బనీనుతో కూర్చుని కుడతాడు. ఇంట్లో మిషన్లున్నా ఆ చిరుగుకి ఇంతవరకూ మోక్షం రాలేదు.

పనిలో తాతకి రెండు పట్టింపులున్నాయి. ఒకటి ఆది చొక్కా. ఒంటికి సరిగ్గా కుదిరిన పాత చొక్కా ఒకటి తెచ్చిస్తేగాని కత్తెర ముట్టడు. "టేపు పెట్టగానే ప్రతివాడూ పొట్ట లోపలికి పీలుస్తాడు. ఆది చొక్కాకి ఆ దొంగబుద్ధి లేదు" అంటాడు. రెండోది తుక్కుగుడ్డ. ఏ కుట్టయినా ముందు పనికిరాని ముక్క మీద వేసి చూసుకోవాలి, తర్వాతే మంచి గుడ్డ మీద. ఈ రెండో పట్టింపుని తాత వంటింట్లోకి వెళ్ళేటప్పుడు దుకాణంలోనే మర్చిపోయాడు. ఈ గొడవంతా అక్కడే మొదలైంది.

ముందుగదిలో దుకాణం, పరదా వెనక వంటిల్లు, గోడకి అవతల ఇస్త్రీ దుకాణం. ఇస్త్రీ చేసేది అమ్మమ్మ తమ్ముడే, ఇస్త్రీ తాత. రెండు దుకాణాలకీ కరెంటు మీటరు ఒకటే, బావా బావమరుదుల పోట్లాటలకి గోడ కూడా ఒకటే.

అమ్మమ్మ వాళ్ళ పెద్దక్క మెట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ఒంటరి మనిషి. మంచం దిగే వీల్లేదు, మంచినీళ్ళు అందించే మనిషి లేదు. రాత్రంతా రైల్లో వెళ్ళాల్సినంత దూరం. కబురు వినగానే అమ్మమ్మ పెట్టె సర్దుకుంది. దానికంటే ముందు తాత కోసం కూరలు వండి, ప్లాస్టిక్ డబ్బాల్లో పోసి, ఫ్రీజరంతా నింపింది. అన్నం వండుకోవడం తాతకి వచ్చు. కూర వండటం రాదు. అన్నానికీ కూరకీ మధ్య మైక్రోవేవ్ ఓవెన్ ఉంది. దాని ముఖం తాత ఏనాడూ సరిగ్గా చూసింది లేదు.

"ఏమండీ, ఇటు చూడండి. పై నాబ్ జోలికి వెళ్ళకండి. అది నేను పెట్టిన చోటే ఉండాలి. మూత వేసి కింది నాబ్ తిప్పితే, కాసేపటికి గంట కొడుతుంది. కలిపి, చల్లగా ఉంటే మళ్ళీ తిప్పండి. అర్థమైందా?"

"ఊఁ." తాత సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు.

"ఏం చెప్పానో చెప్పండి."

"గంట కొడితే తినమన్నావు."

"దానికి ముందు?"

"ముందు గంట కొట్టాలి."

అమ్మమ్మ తల పట్టుకుంది. "మీరు నన్ను వెళ్ళనిస్తారా, వెళ్ళనివ్వరా?"

"ఏమోయ్, ఎన్ని మిషన్ల నడుం వంచినవాణ్ణి నేను! ఈ డబ్బాకి కనీసం సూది కూడా లేదు. దీనికి భయపడతానా?"

"మీరు భయపడరు, అదే నా భయం." అమ్మమ్మ గొంతు మారింది. "చూడండి, ఒక్కపూట మీరు పస్తున్నారని తెలిసినా నేనక్కడ ఉండలేను. అక్కని అలాగే వదిలేసి రైలెక్కేస్తాను. నా సంగతి మీకు తెలుసు."

తాతకి తెలుసు. పోట్లాడి ఆకలితో పడుకున్న రోజున కూడా దుప్పటి తీసి నోట్లో ముద్ద పెట్టే రకం ఆవిడ. తను ఆకలితో ఉంటే అక్కడ పెద్దక్క మంచం మీద ఒంటరిగా మిగిలిపోతుంది. "నిశ్చింతగా వెళ్ళు. ఆవిడ లేచి నడిచేదాకా నువ్వు గడప దిగకు" అని అక్కడికక్కడే మాట ఇచ్చేశాడు. కోటుకి ఒప్పుకున్నంత తేలిగ్గా ఒప్పుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం డబ్బా తీస్తే కూర ఇటుకలా ఉంది. గాజు గిన్నెలోకి బోర్లిస్తే ఠంగుమంది. తాత ఓవెన్ ముందు వంగి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని చూశాడు. పై నాబ్ చుట్టూ వరసగా బొమ్మలున్నాయి. ఒక అల. రెండు అలలు. మూడు అలలు. ఆరు రేకుల మంచుపువ్వు. ఒక అడ్డగీత కింద రంపపు పళ్ళలాంటి గీత. చివర్న అలలూ పళ్ళూ రెండూ కలిపి.

తాత మొహం వెలిగిపోయింది. "ఓరినీ, ఇది మన మిషనే!"

తాత జిగ్‌జాగ్ మిషను మీద కూడా అచ్చం ఇలాగే నాబ్ చుట్టూ కుట్ల బొమ్మలుంటాయి. అలల గీత పల్చటి గుడ్డకి. పళ్ళ గీత జిగ్‌జాగ్, మందపాటి గుడ్డ అంచులు ఊడకుండా. పువ్వు చిన్నపిల్లల గౌన్లకి, సింగారానికి. పై నాబ్ ముట్టుకోవద్దని అమ్మమ్మ ఎందుకందో కూడా తాతకి ఇట్టే బోధపడిపోయింది: పాపం, ఆవిడకి కుట్లు తెలియవు కదా! ఇటుకంత గట్టి కూరకి పల్చటి కుట్టేం ఆనుతుంది? అలలూ పళ్ళూ రెండూ ఉన్న బొమ్మ మీదికి నాబ్ తిప్పాడు. రెట్టింపు కుట్టు.

కూర చిందకుండా పైన వేసే మూత కోసం చూశాడు. అది ఎదురుగా గిన్నెల బుట్టలోనే బోర్లించి ఉంది. ఎదురుగా ఉన్నది తాతకి కనబడదు. దుకాణంలోకి వెళ్ళి, హోటల్ కోటు కుట్టగా మిగిలిన గుడ్డముక్క తెచ్చి గిన్నె మీద చక్కగా కప్పాడు. నీలం గుడ్డ, అంచున బంగారు జరీ. కూర గిన్నె హోటల్ గుమ్మంలో నిలబడ్డట్టుంది.

కింది నాబ్ తిప్పాడు. లోపల దీపం వెలిగింది, పళ్ళెం తిరిగింది. తాత చేతులు కట్టుకుని, చూశావా అన్నట్టు గోడవైపు చూశాడు. అంతలో లోపల టపటపమంటూ మెరుపులు మొదలయ్యాయి. జరీ వెంట నిప్పురవ్వలు పాకుతున్నాయి, నీలం గుడ్డ నల్లబడుతోంది. ఏ నాబ్ ఎటు తిప్పాలో తోచక తాత ఒక్క గెంతులో వెళ్ళి మెయిన్ స్విచ్ లాగేశాడు.

ఫ్యాను ఆగింది, దీపం ఆరింది, గోడకి అవతల ఇస్త్రీపెట్టె కూడా చల్లారింది.

"బావా! కరెంటు పోయిందా?"

"పోలేదు, నేనే తీశాను."

"ఎందుకు?"

"కాసేపు విశ్రాంతి ఇద్దామని."

ఇస్త్రీ తాతకి ముక్కు చురుకు. ఎంతకాలంగానో గుడ్డ కాలే వాసన మీదే బతుకుతున్న మనిషి. పరదా తోసుకుని లోపలికొచ్చి, ఓవెన్ తలుపు తీసి, మాడిన ముక్కని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు.

"బావా, కూరకి కోటు కుట్టావా?"

"మూత వెయ్యమంది మీ అక్క."

"జరీతోనా! జరీలో ఉన్నది లోహపు తీగ కాదూ? లోహం దీంట్లో పెట్టకూడదు."

"స్టీలు గిన్నె పెట్టకూడదని నాకూ తెలుసురా. జరీ గిన్నె కాదు కదా" అన్నాడు తాత. అని, తనే మళ్ళీ ఆ ముక్క అందుకుని నల్లబడ్డ తీగని గోటితో గీకి చూశాడు. జన్మంతా జరీతో కాపురం చేసినవాడు, ఆ తీగని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. "అయితే ఒకటి తేలింది. ఇది నిఖార్సైన జరీ. అమ్మినవాడు మోసం చెయ్యలేదు."

ఇద్దరూ నాబ్ ముందు వంగారు.

"అసలు తప్పు నీ కుట్టులో ఉంది. ఇవి కుట్లు కావు బావా, బట్టల లోపల పట్టీ మీద ఉంటాయే, ఆ గుర్తులు. అల అంటే నీళ్ళు. అలలుంటే ఉతకమని."

"కూరని ఉతకమంటావా?"

"నేననట్లేదు, గుర్తు అంటోంది."

"మరి పువ్వు?"

"చల్లటి నీళ్ళలో ఉతకమని."

"పళ్ళు?"

ఇస్త్రీ తాత బుర్ర గోక్కున్నాడు. "బ్రష్షు పెట్టి రుద్దమనేమో."

ఓవెన్‌తో పాటు వచ్చిన కాగితంలో అంతా రాసే ఉంటుందని ఇస్త్రీ తాతే గుర్తుచేశాడు. తాత ఉన్నట్టుండి దుకాణంలోకి నడిచి, మేకుకి వేలాడుతున్న కాగితపు నమూనాల గుత్తిలోంచి ఒకటి తీశాడు. మంచి దళసరి కాగితం. ఓవెన్ కొన్న వారంలోనే దాన్ని కాలరు నమూనాగా కత్తిరించేశాడు. దాని మీద మంచుపువ్వు బొమ్మ నిక్షేపంగా ఉంది. పక్కన రాసిన మాటలన్నీ మెడ వంపులో తెగిపోయాయి.

"కాలరు మాత్రం బాగా కుదిరింది" అన్నాడు ఇస్త్రీ తాత.

అప్పుడే ఫోను మోగింది. అమ్మమ్మ.

"తిన్నారా?"

"భేషుగ్గా!" తాత చేతిలో అరటిపండు ఉంది. "గంట కొట్టాక తిన్నాను."

"పై నాబ్ ముట్టుకోలేదు కదా?"

"దాని వైపు చూడను కూడా లేదు." బావమరిది వైపు కళ్ళు ఉరిమాడు. "ఆవిడెలా ఉంది?"

"పక్క మీద తిప్పినప్పుడల్లా నొప్పితో విలవిల్లాడుతోందండీ. నేను పక్క గదిలోకి వెళితే చాలు, ఎక్కడికి వెళుతున్నావే అని అడుగుతోంది."

తాత ఫోను పెట్టేశాడు. మంచం మీద ఉన్నది ఇస్త్రీ తాతకి కూడా అక్కే. "నేనేం చెయ్యను బావా? చెబితే ఈ అక్క పరిగెత్తుకొస్తుంది, ఆ అక్క దిక్కులేకుండా పోతుంది. చెప్పకపోతే నువ్వు ఎండిపోతావు. నేను హోటల్నించి తెచ్చిపెడతాలే."

"హోటలు తిండి తిన్న గొంతు మీ అక్కకి ఫోన్లోనే తెలిసిపోతుంది. రేపు ఈ డబ్బాని లొంగదీస్తా చూడు."

తెల్లారి తాత దుకాణం తలుపు తియ్యలేదు. మాడిన జరీముక్క కోతబల్ల మీదే పడి ఉంది. దాన్ని చెత్తబుట్టలో వేయబోతూ ఆగాడు. ఇది తుక్కుగుడ్డ. తుక్కుగుడ్డ మీద కుట్టు చూసుకోకుండా తిన్నగా మంచి గుడ్డ మీదికే వెళ్ళిపోయాడు నిన్న! ఇదే పని దుకాణంలో ఇంకెవడైనా చేసుంటే స్కేలుతో కొట్టేవాడు. తనని తాను కొట్టుకోవడం కుదరదు కాబట్టి నెత్తి మీద ఒక మొట్టికాయ వేసుకుని వంటింట్లోకి వెళ్ళాడు.

కూరకి తుక్కుగుడ్డ ఏది? నీళ్ళు. గాజు గ్లాసుతో నీళ్ళు పెట్టి ఒక అల మీద తిప్పాడు. వేలు పెట్టి చూస్తే పసిపిల్ల స్నానానికి సరిపోయేలా ఉన్నాయి. కొత్త నీళ్ళు పోసి, అంతే సేపు రెండు అలల మీద పెట్టాడు. వేడి తగిలింది. మూడు అలలకి వేలు చురుక్కుమంది.

"బామ్మర్దీ!" గోడ మీద చరిచాడు. "మీ ఇస్త్రీ గుర్తుల్లో చుక్కలుంటాయి కదా?"

"ఒక చుక్క అయితే గోరువెచ్చగా, మూడైతే బాగా వేడిగా."

"ఇక్కడ అలలు కూడా అంతేరా. నీ పట్టీలే నెగ్గాయి. కానీ ఉతకడం లేదు."

పళ్ళ గీతకి రొట్టెముక్క తుక్కుగుడ్డ అయింది. గీత కింద పళ్ళు, అంటే పైకప్పు నుంచి వేలాడే మంట. రొట్టె పైన ఎర్రబడి కరకరలాడింది, అడుగున మెత్తగానే ఉండిపోయింది. లోపలికి తొంగిచూస్తే కప్పు కింద తీగ ఇంకా ఎర్రగా ఉంది. తాత తలూపాడు. ఇది పైపై కుట్టు, లోపలికి దిగదు. ప్లాస్టిక్ డబ్బాని దీని కిందికి పంపకూడదు, గుడ్డని అసలే పంపకూడదు.

ఇక మిగిలింది మంచుపువ్వు. మంచు ఉంది కాబట్టి అది చల్లబరిచేది అయ్యుంటుందని, పరదా తోసుకొచ్చిన ఇస్త్రీ తాత ఓటు. సింగారం అని తాత పాత ఓటు. గ్లాసులో మంచుముక్కలు వేసి తిప్పారు. ముందు ఏమీ జరిగినట్టు లేదు. దీపం ఉంది, పళ్ళెం తిరుగుతోంది.

"పాడైపోయింది" అన్నాడు ఇస్త్రీ తాత.

"నోర్మూసుకో. విను."

తాత చెవి తలుపు దగ్గరికి తీసుకెళ్ళాడు. మిషను మోటారు ఏ రాగంలో ఉందో వినే రోగం నిర్ణయించే మనిషి. మూడు అలల మీద ఈ పెట్టె ఆపకుండా ఒకటే రొద పెట్టింది. ఇప్పుడలా లేదు. రొద వస్తోంది, తగ్గుతోంది. మళ్ళీ వస్తోంది, మళ్ళీ తగ్గుతోంది. తాత కుడికాలు తనంతట తానే నేల మీద కదలడం మొదలెట్టింది. నొక్కుతోంది, వదులుతోంది. నొక్కుతోంది, వదులుతోంది.

"పట్టుగుడ్డ రా ఇది!" అని అరిచాడు. "పట్టుకి మెడ వంపు కుట్టేటప్పుడు పెడలు ఆపకుండా తొక్కితే గుడ్డ ముడుచుకుపోతుంది. కొంచెం తొక్కి కాలు తియ్యాలి, గుడ్డని సర్దుకోనివ్వాలి, మళ్ళీ తొక్కాలి. ఇదీ అదే చేస్తోంది. గడ్డకట్టినదానికి కాస్త వేడి పెట్టి ఆగుతోంది, ఆ వేడి లోపలికి పాకేదాకా చూసి మళ్ళీ పెడుతోంది. మంచుని కరిగించే కుట్టు ఇది. ఒక్కసారిగా మూడు అలలు పెడితే అంచులు ఉడికిపోతాయి, మధ్యలో ఇటుక ఇటుకలాగే ఉంటుంది!"

తలుపు తీస్తే మంచుముక్కలు అంచులు పోయి గుండ్రంగా తేలుతున్నాయి. సుతారంగా కరుగుతున్నాయి. ఇస్త్రీ తాత ఒప్పుకోక తప్పలేదు, అయినా ఊరుకోలేదు. "పువ్వు బొమ్మ వేసి పట్టుకుట్టు పెట్టుకున్నాడంటే, దీన్ని చేసినవాడు కూడా ఎవడో దర్జీయే అయ్యుంటాడు బావా."

ఆ మధ్యాహ్నం తాత మొదటి కూర తిన్నాడు. ముందు మంచుపువ్వు, కలిపి మూడు అలలు, మళ్ళీ కలిపి ఇంకొంచెం. పైన అసలైన మూత. ఓవెన్ తలుపు మీద దుకాణం సుద్దతో తన గుర్తులు తను గీసుకున్నాడు: పువ్వు పక్కన పట్టు దారం, పళ్ళ పక్కన రొట్టె, జరీకి పెద్ద ఇంటూ. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, ఆవిడ చేతి కారం నాలుక్కి తగలగానే నములుతూ ఆగిపోయాడు. ఆవిడ ఇంట్లో లేదన్న సంగతి అప్పుడే మొదటిసారి తెలిసినట్టుంది.

ఫోన్లో మాటలతో అమ్మమ్మ నమ్మలేదు. ఆ గొంతులో అరటిపండు ఆవిడకి మొదటిరోజే వినబడిందట. రెండు రోజుల తర్వాత తమ్ముడి ఫోనుకి వీడియో కాల్ చేసింది. పెట్టె సర్దేసి పక్కన పెట్టుకునే చేసింది. వెనక మంచం మీంచి పెద్దక్క ఆ పెట్టెనే చూస్తోంది. "ఏమండీ, నా ఎదుట ఒక డబ్బా వేడి చెయ్యండి. చూశాకే రావాలో ఉండాలో తేల్చుకుంటాను."

ఇస్త్రీ తాత ఫోను పట్టుకుని నిలబడ్డాడు. తాత టేపు సర్దుకుని, డబ్బా తీసి, గిన్నెలోకి బోర్లించి, పై నాబ్ మంచుపువ్వు మీదికి తిప్పాడు.

"పై నాబ్ ముట్టుకోవద్దన్నానా!"

"నువ్వు చూడు ముందు."

ఓవెన్ నొక్కుతూ వదులుతూ పాడింది. కలిపాడు, మూడు అలల మీదికి తిప్పాడు, గంట కొట్టింది. మూత తీస్తే గిన్నెంతా సమంగా పొగలు కక్కింది. అమ్మమ్మ తెరకి ముక్కు ఆనించి చూసింది. "ఆ పువ్వు సంగతి నాకే తెలియదండీ. నేనెప్పుడూ రాత్రే డబ్బా తీసి బయట పెట్టేదాన్ని."

"ఇంకా ఏమేం తెలియవో చెప్పు, నేర్పిస్తాను."

"చాల్లెండి!" నవ్వింది. ఆ నవ్వులోనే పెట్టెని కాలితో మంచం కిందికి నెట్టేసిన చప్పుడు వినబడింది. తర్వాత గొంతు తగ్గించింది. "అయితే ఒక మాట. డాక్టరు ఇంకో నెల మంచం దిగొద్దన్నాడు. మీరు ఇంత బాగా ఉంటున్నారు కాబట్టి... ఉండనా?"

తాత గిన్నె వైపు చూశాడు. మరీ బాగా నేర్చుకున్నాడేమో! ఒక్క అల తక్కువ నేర్చుకున్నా బావుండేది. బావమరిది తన వంకే చూస్తున్నాడు.

"ఉండవోయ్" అన్నాడు. "నాకేం లోటు? ఆవిణ్ణి నడిపించే రా."

డబ్బాలు ఒక్కొక్కటీ అయిపోయాయి. చివరిదాన్ని తాత ఫ్రీజరు మూల దాచి ముట్టుకోలేదు. బంగాళాదుంప కూర. ఆ రోజుకి అన్నంలోకి కూర లేదు.

"బావా, అదుంది కదా, తినవేం?" అన్నాడు ఇస్త్రీ తాత.

"తినడానికి కాదురా అది. దుంపలు తరుగు."

డబ్బాని మంచుపువ్వు మీద ఓపిగ్గా కరిగించాడు, వేడి చేశాడు. పక్కనే పొయ్యి మీద తన సొంత కూర ఉడుకుతోంది, జన్మలో మొదటిది. చెంచాతో ఆవిడ కూరలోంచి కొంచెం నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. తర్వాత తన కూరలోంచి కొంచెం. మళ్ళీ ఆవిడదాంట్లోంచి. టేపు ఒక భుజం మీంచి జారి కిందికి వేలాడుతోంది, పట్టించుకోలేదు.

"ఆది చొక్కానా?" అన్నాడు ఇస్త్రీ తాత నెమ్మదిగా.

"మరి? ఆది లేకుండా ఎలా కుడతాను?"

ఇస్త్రీ తాత తాత కూరని రుచి చూసి, మొహం అటూ ఇటూ తిప్పి, "ఉప్పు కాస్త వదులైంది బావా" అన్నాడు.

"తెలుసు. వదులైతే బిగించుకోవచ్చు, బిగుతైతే విప్పడం కుదరదు" అంటూ తాత ఒక చిటికెడు వేశాడు. అంతలో ఫోను మోగింది. రెండు గిన్నెల మధ్య నిలబడి, చెంచా చేతిలోనే పట్టుకుని తీశాడు.

"తిన్నారా? ఏం కూర?"

"బంగాళాదుంప" అన్నాడు తాత. "రెండూ నీ ఆదివే. ఒకటి నువ్వు కుట్టింది, ఒకటి నేను."